ఏజెన్సీ బిల్లు 22 వేలు, మనిషి చేతికి 13 వేలు: నడుమ పైసలు ఎటు పోతున్నయ్?

(క్యాంటీన్లు నడిపే మహిళా సంఘాలు, ఫంక్షన్ హాళ్లు, చిన్న హోటళ్ల యజమానులు, ఏజెన్సీ కింద పనిచేసే కార్మికుల కోసం)

ఈ మధ్య ఒక మహిళా సంఘం లీడర్ తన ఫోన్‌లో రెండు కాగితాల ఫొటోలు చూపించింది. ఒకటి ఇప్పుడున్న ఏజెన్సీ బిల్లు. వాళ్ల క్యాంటీన్‌లో వడ్డించడానికి, గిన్నెలు కడగడానికి ఇద్దరిని పెట్టుకున్నారు. మనిషికి నెలకు 22 వేల పైచిలుకు పడుతోంది. రెండోది కొత్త ఏజెన్సీ ఇచ్చిన కొటేషన్. మనిషికి 17,500, అన్నీ కలుపుకొని, కమీషన్ లేదు.

"సార్, మా దగ్గర చేసే పిల్ల నాకు 13 వేలే వస్తున్నయ్ అంటది. నడుమ తొమ్మిది వేలు వాడే తింటున్నడా? ఈ కొత్తాయనకు మారితే మంచిగుంటదా?" అని అడిగింది.

కూర్చొని లెక్క గడితే ఆమె అనుకున్నదానికి పూర్తిగా భిన్నమైన సంగతి తేలింది. తొమ్మిది వేలలో ఏజెన్సీ తీసుకుంటున్నది పన్నెండు వందల చిల్లర. తక్కువ రేటు చెప్పిన కొత్త ఏజెన్సీ దగ్గరికి మారితే మాత్రం ఆ పిల్లకు నష్టం జరిగేది, తర్వాత ఆ నష్టం సంఘం మెడకే చుట్టుకునేది.

ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు 2024 నుంచి కలెక్టరేట్లు, ఆసుపత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల మొదలయ్యాయి. అప్పటివరకు కూలికి పోయిన అక్కలే ఇవాళ మరో నలుగురిని పనిలో పెట్టుకుంటున్నారు. వేములవాడ, బాసరలో రద్దీ పెరిగినా, కేస్లాపూర్ నాగోబా జాతర వచ్చినా, లగ్గాల సీజన్ మొదలైనా చేతికింద మనుషులు కావాలి. అప్పుడు ఏజెన్సీనో, మేస్త్రీనో పిలవాల్సిందే. అందుకే ఆ లెక్కను అందరికీ అర్థమయ్యేలా ఇక్కడ ఇస్తున్నాం.

బిల్లును విప్పి చూద్దాం

నెల జీతం 15,000 అనుకుందాం. ఇది లెక్క సులువుగా ఉండటానికి తీసుకున్న అంకె, కనీస వేతనం కాదు. హోటల్ పనికి మీ ప్రాంతంలో కనీస వేతనం ఎంతో లేబర్ ఆఫీసులో తెలుసుకోవాలి. రాష్ట్రంలో కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1, అక్టోబర్ 1 తేదీలకు మారుతుంది. కాబట్టి పోయినేడాది కాగితం పట్టుకొని లెక్క వేయొద్దు.

ముందు కార్మికురాలి వైపు. జీతంలో 12 శాతం పీఎఫ్ కోత, అంటే 1,800. ఈఎస్‌ఐ 0.75 శాతం, అంటే 113. రెండూ పోను చేతికి వచ్చేది 13,087. "13 వేలే వస్తున్నయ్" అని ఆ పిల్ల అన్న మాటలో అబద్ధం లేదు.

ఇప్పుడు యజమాని వైపు. జీతం 15,000కు పైన యజమాని తన వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,800 కట్టాలి. దానికి తోడు ఈడీఎల్‌ఐ బీమాకు అర శాతం 75, నిర్వహణ చార్జీ అర శాతం 75. మొత్తం 1,950. ఈఎస్‌ఐలో యజమాని వాటా 3.25 శాతం, అంటే 488. అన్నీ కూడితే 17,438. ఈ అంకెను గుర్తు పెట్టుకోండి. ఏజెన్సీ ఒక్క రూపాయి కూడా మిగుల్చుకోకుండా, చట్టప్రకారం ఒక మనిషిని 15,000 జీతానికి పెట్టడానికి అయ్యే ఖర్చు అది. బోనస్, సెలవు జీతం వర్తించే చోట అవి అదనం.

దీని మీద ఏజెన్సీ సర్వీస్ చార్జి. ఈ బిల్లులో 7 శాతం రాసుకున్నాడు, అంటే 1,221. మొత్తం 18,659. దీనిమీద జీఎస్టీ 18 శాతం, 3,359. చివరికి బిల్లు 22,018.

ఇప్పుడు బిల్లుకూ చేతికందిన జీతానికీ తేడా చూడండి: 8,931. అందులో 4,351 ఆ పిల్ల పేరు మీద పీఎఫ్, ఈఎస్‌ఐ ఖాతాల వైపు పోయింది. 3,359 ప్రభుత్వానికి పన్ను. ఏజెన్సీకి మిగిలేది 1,221. ఆఫీసు కిరాయి, బిల్లులు రాసే మనిషి జీతం, మీరు రెండు నెలలకు పైసలిచ్చినా వాడు నెలాఖరుకే జీతం వేయాల్సిన పెట్టుబడి, అన్నీ దాంట్లోంచే.

జీఎస్టీ సంగతి చాలామందికి కొరుకుడు పడదు. మనుషులను సరఫరా చేసే సేవపై పన్ను మొత్తం బిల్లు మీద పడుతుంది. అంటే జీతం మీద, ఆఖరికి పీఎఫ్ వాటా మీద కూడా. పెద్ద కంపెనీలు కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకుంటాయి. మామూలు హోటల్, క్యాంటీన్ 5 శాతం జీఎస్టీ కింద ఉంటే ఆ క్రెడిట్ రాదు. కాబట్టి ఆ 3,359 మీకు నికరమైన ఖర్చే. ఏజెన్సీ ద్వారా మనిషిని పెట్టుకోవాలా, నేరుగా పెట్టుకోవాలా అని ఆలోచించేటప్పుడు కమీషన్ గురించి కొట్లాడుతాం గానీ, అసలు బరువు ఇక్కడుంది.

మరి 17,500 కొటేషన్ సంగతి?

"అన్నీ కలుపుకొని" అన్నాడు కాబట్టి జీఎస్టీ కూడా అందులోనే ఉండాలి. 17,500లోంచి 18 శాతం పన్ను తీసేస్తే మిగిలేది సుమారు 14,830. మనం అనుకున్న జీతమే 15,000. అంటే పీఎఫ్, ఈఎస్‌ఐ దాకా పోనక్కర్లేదు, జీతానికే 170 తక్కువ పడుతోంది.

పోనీ, ఆ ఏజెన్సీకి జీఎస్టీ రిజిస్ట్రేషనే లేదనుకుందాం. సేవల వ్యాపారంలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటకపోతే మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అప్పుడు 17,500లోంచి 17,438 పోతే మనిషికి నెలకు 62 రూపాయలు మిగులుతుంది. 62 రూపాయల కోసం ఎవరు ఏజెన్సీ పెట్టుకుంటారు?

కమీషన్ వద్దన్న ఏజెన్సీకి రాబడి ఇంకెక్కడి నుంచో రావాలి. అది దాదాపు ఎప్పుడూ కార్మికుడి దగ్గర్నుంచే వస్తుంది. అందుకే కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో కూడా మనుషుల సరఫరా టెండర్లకు కనీస సర్వీస్ చార్జి 3.85 శాతం ఉండాలని పెట్టారు. సున్నా శాతానికి టెండర్ పట్టుకొని, తర్వాత కార్మికుల జీతాల్లో కోసే అలవాటు అంతటి పోర్టల్‌కే తలనొప్పి అయింది.

కోత ఎట్లా పెడతారు?

అన్నిటికన్నా మామూలుగా కనిపించేది రెండు వాటాలూ కార్మికుడి నుంచే కోయడం. "నీ జీతం 15 వేలు. పీఎఫ్, ఈఎస్‌ఐ పోను 10,649" అంటాడు. వినడానికి సక్కగనే ఉంటుంది. కానీ అందులో యజమాని వాటా 2,438 కూడా కలిసిపోయింది. ఆ పైసలు మీరు బిల్లులో ఇదివరకే కట్టారు. పీఎఫ్ నిబంధనల ప్రకారం యజమాని వాటాను కార్మికుడి జీతంలోంచి తీయకూడదు, ఏ పేరుతోనూ. 20 మంది ఉన్న చోట ఈ ఒక్క మాయతో నెలకు 48,760 మిగులుతుంది. బిల్లులో కనిపించే కమీషన్ కన్నా ఇది రెట్టింపు. కమీషన్ ఎందుకు వద్దన్నాడో ఇప్పుడు తెలిసింది కదా.

రెండోది బేసిక్ తగ్గించి చూపడం. 15,000 జీతాన్ని బేసిక్ 5,000, మిగతావన్నీ అలవెన్సులు అని ముక్కలు చేసి, పీఎఫ్ 5,000 మీదనే కడతారు. 1,800 పడాల్సిన చోట 600 పడుతుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అలవెన్సుల్లాంటివి మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కించాలి. అంటే మన ఉదాహరణలో 7,500కు తక్కువ చూపడానికి లేదు.

మూడోది అసలు కట్టకపోవడం. పే స్లిప్‌లో కోత కనిపిస్తుంది, ఖాతాలో మాత్రం జమ ఉండదు. కార్మికుడు మూడు నెలలు చేసి వెళ్లిపోతాడు, ఎవరూ అడగరు. హోటల్, క్యాటరింగ్ పనిలో మనుషులు తరచూ మారుతుంటారు కాబట్టి ఈ మోసం ఇక్కడే ఎక్కువ సాగుతుంది.

యూనిఫాం, ఐడీ కార్డు, "డిపాజిట్" పేరుతో మొదటి జీతంలో పట్టుకోవడం, 26 రోజులు చేస్తే 24 రాయడం లాంటి చిల్లర కోతలు ఇంకా ఉన్నాయి. వాటిని పట్టుకోవడానికి హాజరు పుస్తకం మీ దగ్గర కూడా ఒకటి ఉంటే చాలు.

ఈఎస్‌ఐ ఎందుకంత ముఖ్యం

వంటింట్లో పని అంటే నిప్పు, నూనె, నీళ్లు పడి జారే బండలు. బగార డేగ్చా దించేటప్పుడు చెయ్యి జారితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఈఎస్‌ఐలో పేరున్న మనిషికి పని చేస్తుండగా గాయమైతే వైద్యంతో పాటు, పనికి రాలేని రోజులకు వేతనంలో 90 శాతం చొప్పున డబ్బు వస్తుంది. దీనికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, పనిలో చేరిన మొదటి రోజు ప్రమాదమైనా వర్తిస్తుంది. మామూలు జబ్బు చేస్తే మాత్రం ముందటి చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. అప్పుడు ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం ఇస్తారు. నెల వేతనం 21,000 దాటని వారికి ఇది వర్తిస్తుంది. కార్మికుడి నుంచి పోయేది నెలకు 113 రూపాయలు.

ఏజెన్సీ పేరు నమోదు చేయకపోతే, ప్రమాదమైన రోజున ఆసుపత్రి గేటు దగ్గర నిలబడేది కార్మికుడి ఇంటివాళ్లు, మీరు. ఏజెన్సీ ఫోన్ స్విచాఫ్ వస్తుంది. ఈఎస్‌ఐ లేని చోట ప్రమాద పరిహారం యజమాని కట్టాలి, ఆ బాధ్యత పని చేయించుకున్న మీదాకా వస్తుంది. జీతాల సంగతీ అంతే. ఏజెన్సీ ఎగ్గొడితే ముందు మీరు కట్టి, తర్వాత వాడి బిల్లులోంచి రాబట్టుకోవాలి. "నేను వాడికి పూర్తి పైసలిచ్చిన" అంటే చెల్లదు.

లగ్గాల సీజన్, రోజు కూలి, మేస్త్రీ కమీషన్

కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్ ఫంక్షన్ హాళ్లలో వడ్డించే పిల్లల్లో చాలామంది డిగ్రీ, పాలిటెక్నిక్ చదివేవాళ్లే. వీళ్లను తెచ్చేది ఏజెన్సీ కాదు, ఒక మేస్త్రీ. ఇక్కడ బిల్లుండదు, నోటి మాటే. ఉదాహరణకు హాలు యజమాని తలకు 900 ఇస్తాడు, పిల్లవాడికి 600 ముడుతుంది. అడిగితే మేస్త్రీ "నూటికి 33 రూపాయలే నాకు" అంటాడు. పిల్లవాడు "నా కూలి మీద సగం తింటున్నడు" అంటాడు. ఇద్దరి లెక్కా ఒప్పే. 300ను 900తో పోలిస్తే మూడో వంతు, 600తో పోలిస్తే సగం. కాబట్టి ఎవరైనా కమీషన్ శాతంలో చెబితే, దేనిమీద శాతమని అడగండి. ఏజెన్సీలు కూడా కొన్నిసార్లు జీతం మీద, కొన్నిసార్లు పీఎఫ్ కలిపిన మొత్తం మీద, ఇంకొన్నిసార్లు ఆఖరి బిల్లు మీద శాతం చెబుతాయి. అదే 7 శాతం మూడు చోట్ల మూడు అంకెలవుతుంది. రూపాయల్లో రాయించుకుంటే ఈ గొడవే ఉండదు.

ఆ 300 అన్యాయమా అంటే, అందులో ఏముందో చూడాలి. రాత్రి ఒంటిగంటకు పని అయిపోతే ఊళ్లకు బస్సులుండవు. మేస్త్రీ ఆటో మాట్లాడి ఇళ్లకు చేరుస్తున్నాడా, తిండి పెడుతున్నాడా, చివరి నిమిషంలో ఇద్దరు రాకపోతే వేరేవాళ్లను తెస్తున్నాడా? ఇవన్నీ చేసే మేస్త్రీకి 300 మరీ ఎక్కువ కాదని నా అభిప్రాయం. పిల్లల ఫోన్ నంబర్లు తప్ప ఇంకేమీ లేనివాడికి మాత్రం అది చాలా ఎక్కువ.

రెండు విషయాలు తప్పక చూడండి. మేస్త్రీ జీఎస్టీ అని 18 శాతం కలిపితే, అతని 15 అంకెల జీఎస్టీ నంబరు అడగండి. మన రాష్ట్రంలో తీసుకున్న నంబరు 36తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. రిజిస్ట్రేషన్ లేనివాడు జీఎస్టీ వసూలు చేయడానికి వీల్లేదు. రెండోది, వయసు. 14 ఏళ్లలోపు పిల్లలు వడ్డనకైనా, ప్లేట్లు తీయడానికైనా పనిలో ఉండకూడదు. "మేస్త్రీ తెచ్చిండు, నాకేం ఎరుక" అన్నా కేసు హాలు మీద అవుతుంది. ఎక్కడైనా కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి.

కేంద్రం ఇచ్చే ప్రోత్సాహకం ఎవరికి పోతోంది?

ఇది బేరమాడేటప్పుడు పనికొచ్చే ముచ్చట, చాలామందికి తెలియదు. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 మధ్య కొత్తగా ఉద్యోగం ఇచ్చిన సంస్థకు, పెరిగిన ఒక్కో ఉద్యోగికి నెలకు 3,000 వరకు రెండేళ్లు ప్రోత్సాహకం వస్తుంది. జీతం 10 వేలు దాటి 20 వేల లోపుంటే అది 2,000. ఆ మనిషి కనీసం ఆరు నెలలు పనిలో కొనసాగాలి. 50 మంది కన్నా తక్కువ ఉన్న సంస్థ అయితే కనీసం ఇద్దరిని అదనంగా చేర్చుకోవాలి.

ఈ డబ్బు ఎవరి పీఎఫ్ కోడ్ కింద మనిషి పేరుంటే వాళ్లకే పోతుంది. ఏజెన్సీ మనిషైతే ఏజెన్సీకే. మన ఉదాహరణలో ఏజెన్సీ కమీషన్ 1,221, అర్హత ఉంటే కేంద్రం నుంచి వచ్చేది 2,000. అందుకే ఏడాది ఒప్పందం రాసుకునేటప్పుడు "నీకు ఈ స్కీం కింద వస్తోందా? వస్తే సర్వీస్ చార్జి ఎంత తగ్గిస్తవ్?" అని అడిగే హక్కు మీకుంది. దానికోసం కార్మికుడి జీతం తగ్గించమని మాత్రం అడగొద్దు.

మొదటిసారి పీఎఫ్‌లో చేరిన కార్మికుడికి కూడా ఇదే పథకంలో ఒక నెల పీఎఫ్ వేతనం, గరిష్ఠంగా 15,000, రెండు విడతలుగా వస్తుంది. మొదటిది ఆరు నెలలకు, రెండోది ఏడాదికి, ఆర్థిక అవగాహన పాఠం పూర్తి చేశాక. ఐదో నెలలో మనిషిని తీసేసి మళ్లీ కొత్తగా చేర్చుకునే ఏజెన్సీల వల్ల ఆ డబ్బు పోతుంది. ఆరు నెలలు నిండకముందే మార్చొద్దని ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి.

నేరుగా పెట్టుకుంటే?

పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట మామూలుగా ఈఎస్‌ఐ, ఇరవై కన్నా తక్కువ ఉన్న చోట పీఎఫ్ తప్పనిసరి కాదు. ఇద్దరు ముగ్గురితో నడిచే క్యాంటీన్ ఆ పిల్లను నేరుగా పెట్టుకొని 17,000 చేతికిచ్చినా, 22,018 బిల్లు కన్నా 5,000 తక్కువే అవుతుంది, ఆమెకు 4,000 దాకా ఎక్కువ అందుతుంది. కానీ పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండవు. ఆ లోటు పూర్తిగా తీరదు గానీ కొంత పూడ్చుకోవచ్చు. ఈ-శ్రమ్ కార్డు ఉచితం, 16 నుంచి 59 ఏళ్లవారు తీసుకోవచ్చు. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇస్తుంది. 18 నుంచి 40 ఏళ్లలోపు, నెల ఆదాయం 15,000 దాటనివారు శ్రమ్ యోగి మాన్‌ధన్‌లో వయసును బట్టి నెలకు 55 నుంచి 200 వరకు కడితే 60 తర్వాత నెలకు 3,000 పింఛను. ఆదాయం 15,000 దాటితే ఇది వర్తించదని గమనించాలి. చిన్న సంస్థ కూడా ఇష్టపూర్వకంగా పీఎఫ్‌లో చేరొచ్చు.

పది పదిహేను మంది కావాలంటే, లేదా జాతర నాలుగు రోజులకే కావాలంటే ఏజెన్సీయే నయం. ఒక్కొక్కరిని వెతికి, రాకపోతే ఇంకొకరిని తెచ్చే పని మీవల్ల కాదు.

బిల్లు కట్టే ముందు ఏం చూడాలి?

ఈ నెల బిల్లు ఇవ్వాలంటే పోయిన నెల పీఎఫ్ చలాను, ఈఎస్‌ఐ చలాను చూపాలని ఒప్పందంలోనే పెట్టండి. రెండూ తర్వాతి నెల 15 తేదీలోగా కట్టాలి. చలాను ఒక్కటే చాలదు. దానితో పాటు ఈసీఆర్ అనే జాబితా ఉంటుంది, అందులో మీ దగ్గర చేసే మనుషుల పేర్లు, యూఏఎన్ నంబర్లు, వేతనం ఉన్నాయో లేదో చూడాలి. 50 మందికి కట్టిన చలాను చూపి, మీ ఇద్దరి పేర్లు అందులో లేకుండా చేసే ఏజెన్సీలున్నాయి. జీతం బ్యాంకు ఖాతాలోకే వేయించాలి, ఆ స్టేట్‌మెంట్ కాపీ ఒకటి మీ ఫైల్లో ఉండాలి.

కార్మికులు తమకు తాము చూసుకోవడం ఇంకా సులువు. పీఎఫ్‌లో నమోదైన ఫోన్ నంబరు నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే, యూఏఎన్ యాక్టివేట్ అయి కేవైసీ పూర్తయి ఉంటే, చివరిసారి ఎంత జమైందో మెసేజ్ వస్తుంది. నెల తర్వాత నెల అంకె పెరగడం లేదంటే ఏజెన్సీ కడతలేడని అర్థం. పీఎఫ్ ఫిర్యాదులకు 14470, ఈఎస్‌ఐకి 1800112526, ఈ-శ్రమ్‌కు 14434. జీతం, కనీస వేతనం గొడవలకు మీ ప్రాంతంలోని సహాయ లేబర్ అధికారి ఆఫీసుకు పే స్లిప్, బ్యాంకు పాస్‌బుక్, హాజరు రాసుకున్న కాగితం తీసుకుని వెళ్లండి. పే స్లిప్ ఇవ్వలేదంటే అదే మొదటి ఫిర్యాదు, ఖాళీ చేతులతోనైనా వెళ్లొచ్చు.

ఆ సంఘం లీడర్ 17,500 చెప్పిన ఏజెన్సీకి ఫోన్ చేసి ఈసీఆర్ కాపీ పంపమంది. "అది తర్వాత చూద్దాం అక్కా, ముందు పని మొదలుపెడదాం" అన్నాడట. పాత ఏజెన్సీని అడిగితే రెండు రోజులకు పంపాడు. అందులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఒకరి పేరులో మాత్రం అక్షరం తప్పు పడింది. ఆధార్‌తో కలవకపోతే రేపు పీఎఫ్ తీసుకునేటప్పుడు ఇబ్బంది కాబట్టి, దాన్ని సరిచేయించే పనిలో ఉన్నారు.